గోడ దాటి వచ్చిన తీగ

మా బాపు మీద ఫ్యాను తిరగాలంటే మా బావ మనసు బాగుండాలి. ఏడేళ్ళపాటు మా ఇంట్లో ఇదే పద్ధతి.

బాపు పేరు రాయమల్లు. గనిలో షాట్‌ఫైరర్‌గా చేసేవాడు. బొగ్గు పొరకు రంధ్రాలు వేసి, మందు పెట్టి పేల్చే పని. 2005లో పైకప్పు కూలి నడుము మీద పడింది. ప్రాణం మిగిలింది, కాళ్ళు మిగల్లేదు. కంపెనీ వాళ్ళు అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపి, బదులుగా ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. నేనప్పుడు పదో తరగతి, పైగా ఆడపిల్లను. ఆ ఉద్యోగం మా అక్క భర్త పోశంకు పోయింది. అత్తమామలను, మరదలిని సాకుతానని ఆఫీసులో కాగితం మీద సంతకం పెట్టి మరీ తీసుకున్నాడు. ఉద్యోగం వెనకే మేముంటున్న క్వార్టరు కూడా అతని పేరు మీదికి పోయింది. నేను పుట్టిన ఇంట్లో నుంచి బాపు మంచాన్ని గోడ అవతలి కాలనీకి మోసిన రోజు బావ చెయ్యి వెయ్యలేదు. డ్యూటీ ఉందన్నాడు. ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు రోజులైంది. ఆ తర్వాత ఏనాడూ డ్యూటీ మీద అంత భక్తి చూపించినట్టు నేను వినలేదు.

గోడకు అటు పక్క కంపెనీ క్వార్టర్లు. ఇటు పక్క మా కాలనీ. రిటైరైనవాళ్ళు, అన్‌ఫిట్ అయినవాళ్ళు, చిన్న దుకాణాల వాళ్ళు కట్టుకున్న రెండేసి గదుల స్లాబు ఇళ్ళు. క్వార్టర్లలో కరెంటుకు బిల్లు లేదు. బిల్లు లేని చోట స్విచ్చికి పని లేదు. మట్టి పలక మీద తీగ చుట్ట ఎర్రగా కాలే హీటరు పొయ్యిని పొద్దున ప్లగ్గులో పెడితే రాత్రి పడుకునేటప్పుడు తీస్తారు. అన్నం ఉడికిపోయినా అది కాలుతూనే ఉంటుంది. ఇంటికి తాళం వేసి పెళ్ళికి పోయినా కాలుతూనే ఉంటుంది. ఆపవచ్చు కదా అని ఎవరైనా అంటే, ఆ మనిషి కంపెనీ తరఫున వచ్చాడేమో అన్నట్టు చూస్తారు. అంతటి ధారాళమైన కరెంటు కనుక, గోడ మీదుగా ఒక తీగ లాగి ఇటు పక్క ఉన్న చుట్టాల ఇంటికి కూడా ఇస్తారు. దీన్ని మా దగ్గర ఎవరూ దొంగతనం అనరు. చుట్టరికం అంటారు.

మాకు కూడా అలాంటి తీగ ఒకటి ఉండేది. బావ వంటింటి ప్లగ్గులో మొదలై, గోడ మీద ఇటుక కింద నుంచి దిగి, మా కిటికీలో దూరి బాపు ఫ్యానుకు వచ్చేది. అది లేకపోతే కుదరదు. మా కాలనీకి ఆ 2012 ఎండాకాలంలో పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా కోత, మళ్ళీ రెండు నుంచి ఆరు దాకా కోత. మధ్యలో వచ్చేదాన్ని కరెంటు అనడం కేవలం మర్యాద. మా స్లాబు ఎక్కితే థర్మల్ కరెంటు స్టేషను పొగగొట్టాలు కనపడతాయి. వాటి పొగ మాకు, వాటి కరెంటు ఎవరికో. బయట నలభై ఆరు, నలభై ఏడు. వెల్లకిలా తప్ప పడుకోలేని మనిషికి గంట సేపు ఫ్యాను ఆగితే చాలు, వీపు కింద చెమట నిలిచి మానిన పుండ్లు మళ్ళీ పచ్చిపడతాయి. అమ్మ ఉన్నన్నాళ్ళు విసనకర్రతో విసిరేది. అమ్మ పోయి రెండేళ్ళయింది. నేను ప్రైవేటు బడిలో టీచరును. పగలు ఇంట్లో ఉండను.

అందుచేత ఆ ప్లగ్గు బావ చేతిలో ఒక కొరడా అయింది. మా చిన్నాయన కూతురి పెళ్ళిలో తనను ముందు వరుసలో కూర్చోబెట్టలేదని ఒకసారి పీకాడు. బాపును దవాఖానకు తీసుకుపోవాల్సింది నువ్వు కదా అని నేను నలుగురిలో అన్నందుకు, పోయిన ఎండాకాలం రెండు రోజులు పీకాడు. అడిగితే "ఫ్యూజు పోయింది" అన్నాడు. అతని కిటికీలో టీవీ మోగుతూనే ఉంది. రెండో రాత్రి అక్క అతను నిద్రపోయాక ప్లగ్గు పెట్టింది. నా డిగ్రీ పుస్తకం అట్టతో నేను విసురుతుంటే బాపు ఆ రెండు రోజులూ కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

మా వంశంలో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. బీఎస్సీ, భౌతికశాస్త్రం. దాంతో నాకు వచ్చింది చిన్న జీతం, పెద్ద కోపం. సోలారు పెట్టిద్దామని ఆ కోపంలోనే నిశ్చయించుకున్నాను.

చౌరస్తా దగ్గర మోటారు వైండింగు షాపు నడిపే అలీముద్దీన్ కాక కొడుకు తాబిష్ మంచిర్యాలలో ఒక డీలరు దగ్గర సోలారు బిగించే పని నేర్చుకున్నాడు. డిగ్రీ కాలేజీలో నాకంటే రెండేళ్ళు చిన్నవాడు. అతనే బ్యాంకు అప్పు కాగితాలు నింపించాడు. బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరు నా జీతం చీటీని అటూ ఇటూ తిప్పి, "ఇంట్లో మగవాళ్ళు ఎవరూ లేరా?" అని అడిగాడు. ఉన్నారు సార్, మంచంలో, అన్నాను. ఆయన తల దించుకుని ముద్ర వేశాడు.

మే మొదటి ఆదివారం తాబిష్, వాళ్ళ నాన్న కలిసి రెండు పలకలు స్లాబు మీదికి ఎక్కించారు. కాలనీ సగం మా వాకిట్లోకి వచ్చింది. మనిషి చనిపోయినప్పుడు కూడా అంతమంది రారు. బావ కుర్చీ తెప్పించుకుని నీడలో వేసుకున్నాడు.

పక్కింటి లస్మవ్వ మొదలుపెట్టింది. "రమా, పొద్దుగూకితే ఫ్యాను గూడ పండుకుంటదా బిడ్డ?"

"లేదవ్వా. పగలు వచ్చింది బ్యాటరీల దాసుకుంటది. రాత్రి గదే వాడుకుంటం."

"దాసుకుంటె ఎల్లిపోదా మల్ల?"

"కొద్దికొద్దిగ పోతది. తెల్లారంగ మళ్ళ నిండుతది."

"మరి వానకాలం?" అన్నాడు బావ.

తాబిష్ పైనుంచి జవాబు చెప్పాడు. "మబ్బు ఉంటె గూడ వస్తది అన్న. జర తక్కువ."

"తక్కువంటె ఎట్ల? రెండు రెక్కలు తిరుగుతయా, మూడోది కూసుంటదా?"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మంది ఇళ్ళకు గోడ మీద నుంచి తీగలు ఉన్నాయి. బావ జోకుకు నవ్వకపోతే తమ తీగ యజమానులు కూడా ప్లగ్గు పీకడం నేర్చుకుంటారని భయం కావచ్చు.

కిరాణం కిషన్ అడిగాడు. "నాకొకటి చెప్పు తమ్మి. మన దగ్గర ఎండ నలభై ఏడు కొడ్తది గద. హైదరాబాదుల కంటె మనకు కరెంటు ఎక్కువ రావాలె గదా?"

అది తెలివైన ప్రశ్నే. తాబిష్ నిజం చెప్పాడు. అమ్మేవాళ్ళు నిజం చెప్పకూడదని అతనికి ఇంకా ఎవరూ నేర్పలేదు. "వెలుతురుతోని వస్తది అన్న, వేడితోని కాదు. మస్తు వేడెక్కితె కొంచెం తగ్గుతది గూడ."

బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, అంత ఆనందం కలిగింది. "ఇన్నరా? ఎండకు తగ్గే ఎండ కరెంటు! రామగుండంల దెచ్చి అమ్ముతున్నరు. శాబాష్ రా తాబిషూ. రేపు వానకు నానే గొడుగు గూడ తేరి."

"దుమ్ము పడదా దాని మీద?" ఇంకెవరో అడిగారు. పక్కనే ఉన్న ఓపెన్‌కాస్టు గనిలో రోజూ పేలుస్తారు. మా ఇళ్ళలో ఆరేసిన బట్టలు దులిపితే గాని కట్టుకోలేం.

"పడ్తది. రోజు పొద్దుగాల తడిబట్టతోని తుడవాలె," అన్నాను.

"అంటె మా పంతులమ్మ రోజు సూర్యునికి మొఖం కడుగుతదన్నట్టు," అన్నాడు బావ.

కోతుల గురించి అడిగారు. పిడుగు పడితే అడిగారు. కరెంటోళ్ళు వచ్చి మీటరు పీక్కుపోతారా అని అడిగారు. ఒకాయన, దీని కింద పడుకుంటే పిల్లలు పుట్టరంట నిజమేనా అని తాబిష్‌ను పక్కకు పిలిచి అడిగాడు. ఆయనకు అప్పటికే ఐదుగురు. ప్రతి ప్రశ్నకూ నేను జవాబు చెప్పాను. జవాబు వినడానికి ఎవరూ అడగడం లేదని నాకు తెలుసు. అయినా చెప్పాను. అడిగితే చెప్పాలి, నా చదువు నాకు నేర్పింది అదొక్కటే.

"హీటరు నడుస్తదా?" అన్నాడు బావ.

"అరె, హీటర్ అసలే వద్దు," తాబిష్ రెండు చేతులూ ఊపాడు. "రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు, కావాలంటె టీవీ. హీటర్ పెడితె ఖతం."

"హీటరు నడువంది అదేం కరెంటు? లాంతరు అను, సరిపోతది." బావ చుట్టూ చూశాడు. "అయినా ఏం తొందరొచ్చింది మరదలా? తెలంగాణ వస్తె కోతలే ఉండయి. గప్పటిదాక ఆగలేవా? మేము పోయినేడు సమ్మె ఊకెనే చేసినమా?"

సమ్మె రోజుల్లో నిజంగా టెంటు కింద కూర్చుని, లాఠీలు తిన్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. బావ ఆ రోజుల్లో చేసింది క్యారమ్స్. బోర్డు మా పాత క్వార్టరు వరండాలోనే ఉండేది కనుక నాకు బాగా తెలుసు.

"ఎన్నేండ్లు వస్తయి పలకలు?" అన్నాడు మళ్ళీ.

"ఇరవై అయిదేండ్లు," అన్నాడు తాబిష్.

"ఇరవై అయిదా? మామ ఉంటడా గప్పటిదాక?"

కిటికీ తెరిచే ఉంది. కిటికీ పక్కనే బాపు మంచం. వాకిట్లో ముందు ఒకరు నవ్వారు, తర్వాత ఇంకొకరు. నేను మెట్లెక్కి స్లాబు మీదికి పోయి తాబిష్‌కు స్పానరు అందిస్తూ నిలబడ్డాను. కింద ఉంటే నోరు జారేదాన్ని. నోరు జారితే ప్లగ్గు పోయేది. పని ఇంకా పూర్తి కాలేదు.

సాయంత్రం అందరూ పోయాక బాపు దగ్గర కూర్చున్నాను. మంచం పక్క గోడకు బిగించిన ఇన్వర్టరు డబ్బాలో పచ్చ దీపం వెలుగుతోంది. బాపు దాని వైపు చూడనైనా చూడలేదు.

"ఏంది బిడ్డ, నా బొగ్గు సాలలేదా నీకు?" అన్నాడు. "ఇరవై ఆరేండ్లు పేల్చిన. నేను పేల్చిన బొగ్గుతోని ఎన్నూర్ల ఫ్యాన్లు తిరిగినయో. నాకు ఎండ పట్టి తిప్పుతవా? పాపడాలు ఎండబెట్టినట్టు?"

"నీ బొగ్గు కరెంటు మనింటికి వస్తలేదు బాపు. గోడ అవుతల్నే ఆగుతంది."

"వస్తంది గద, మీ బావ ఇస్తలేడా?"

"ఇస్తండు. తీసుకుంటండు."

బాపు గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. బావ తనను చిన్నచూపు చూస్తే ఊరుకుంటాడు. బొగ్గును నేను చిన్నచూపు చూశానని మాత్రం నొచ్చుకున్నాడు. గని కార్మికుల బుర్రల్లోకి ఆ కంపెనీ ఏం ఎక్కించిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు పొద్దున ఎనిమిదికి కాలనీ అంతటా కరెంటు పోయింది. మా ఫ్యాను ఒక్క చుట్టు కూడా తగ్గలేదు. అది చూడడానికి ఎవరూ రాలేదు. నేను గోడ మీది తీగను చుట్టలు చుట్టి, పాత చీరముక్కతో కట్టి, అక్క చేతికిచ్చి వచ్చాను. ఆ రాత్రి బావ గొంతు గోడ దాటి వినిపించింది. "నా తీగ నాకు వాపస్ ఇచ్చిందట! చూస్త, ఎన్ని దినాలుంటదో."

పది రోజులుంది.

మే నెలలో బడికి సెలవులు; టీచర్లకు కాదు. ఎండలో ఇంటింటికీ తిరిగి వచ్చే ఏడాదికి పిల్లలను చేర్పించాలి. చేర్పించని టీచరుకు జూన్‌లో ఉద్యోగం ఉండదు. అందుకని నేను ఎనిమిదికే పోయేదాన్ని. పదకొండు గంటలకు మా అక్క మల్లక్క వచ్చి బాపుకు వేపాకు నీళ్ళతో ఒళ్ళు తుడిచి, అన్నం పెట్టి పోయేది. అక్క మంచిదే. కాకపోతే ఆమెకు ఒంటరిగా ఒక నిర్ణయం తీసుకునే అలవాటు ఎప్పుడూ లేదు. ఎవరు ఏది చెబితే అది చేస్తుంది. బావ ఉన్నప్పుడు బావ చెప్పింది, బాపు దగ్గర ఉన్నప్పుడు బాపు చెప్పింది.

పదో రోజు నేను నాలుగున్నరకు ఇల్లు చేరేసరికి గోడ మీద మళ్ళీ తీగ ఉంది. వాకిట్లో అదే కుర్చీ, అందులో అదే బావ. చుట్టూ అదే జనం.

"దండం పెడ్త నీ పలకలకు," అన్నాడు నన్ను చూడగానే. "పదకొండు గొట్టంగ ఆగింది నీ ఫ్యాను. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మూడున్నర. మామ ఏగిపోతుండె పెనం మీద. నేను తీగ గుంజకపోతె ఏమై ఉండునో అడుగు."

లోపలికి పరుగెత్తాను. బాపు కింద దుప్పటి పిండితే నీళ్ళు కారేలా ఉంది. పెదవులు పగిలాయి. అక్క తడిబట్టతో వీపు అద్దుతోంది, నన్ను చూసి చూపు దించుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది, బావ తీగ మీద.

"ఏమైంది బాపు?"

"ఆగింది," అన్నాడు.

"ఎట్ల ఆగింది?"

"ఆగింది బిడ్డ. అంతే."

ఇన్వర్టరు దీపం ఆరిపోయి ఉంది. ఫ్యానును దానికే బిగించాం కనుక పన్నెండుకు కాలనీకి కరెంటు వచ్చినా తిరిగి ఉండదు. కింద సాకెట్టు నల్లగా మాడింది. ప్లాస్టిక్కు కరిగిన వాసన ఇంకా పోలేదు. వంగి మంచం కింద చూశాను. అక్క తన ఇంటి నుంచి తువ్వాలలో చుట్టి తెచ్చిన హీటరు, దాని పక్కన సగం నీళ్ళున్న గిన్నె, అందులో వేపాకు. గ్యాసు సిలిండరు రెండు రోజుల కింద అయిపోయింది, ఇంకా రాలేదు. చూడగానే అంతా అర్థమైంది.

అక్కను చూశాను. ఆమె కళ్ళలో నీళ్ళు. బయట ఆమె మొగుడు. హీటరు అన్న మాట నేను పెద్దగా అంటే, ఇంటికి పోయాక ఈమె గతి ఏమిటో నాకు తెలుసు. అనకపోతే నా పలకలు వట్టి రేకులని కాలనీ తేల్చేస్తుంది. నేను తాబిష్‌కు ఫోను చేశాను.

అతను వచ్చేలోపు బావ లోపలికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాల లస్మవ్వ, కిషన్, ఇంకొందరు.

"మరదలా, ఒక్క మాట. అందరి ముంగటనే చెప్తున్న. రేపు పొద్దుగాల ఆ పలకలు దిగాలె. డీలరుకు వాపస్ ఇస్తవో, కుక్కలకు నీడకు పెడ్తవో నీ ఇష్టం. దిగితెనే నా తీగ ఉంటది. లేకుంటె ఇప్పుడే పీకుత. మామ పానంతోని నువ్వు ప్రయోగాలు చేస్తుంటె నేను సప్పుడు చెయ్యకుండ ఉండాల్నా? సాకుత అని కాగితం మీద సంతకం పెట్టినోన్ని."

ఆ కాగితాన్ని ఏడేళ్ళలో అతను గుర్తు చేసుకోవడం అదే మొదటిసారి.

"గట్లనే చెయ్యి బిడ్డ," అన్నది లస్మవ్వ. "ముసలి పానం. చదువుకున్నదానివి, సమజ్ చేసుకో."

"ఆడపిల్లకు ఇంత పట్టుదల ఎందుకు?" అన్నాడు కిషన్. మొన్న తెలివైన ప్రశ్న అడిగింది ఇతనేనా అనిపించింది.

ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. అవును అని ఒక్క మాట అంటే తిరుగుతూనే ఉంటుంది, ఈ రాత్రి, రేపు, బావ మనసు బాగున్నన్ని రోజులు. బాపు వీపు చూశాను. రెండు చోట్ల చర్మం లేచింది. అవును అనడానికి నోరు తెరిచాను కూడా.

"హీటరు పెట్టిన్రు," అన్నాడు బాపు.

అందరూ మంచం వైపు తిరిగారు. బాపు నలుగురిలో మాట్లాడి చాలా కాలమైంది.

"ఎవరు పెట్టిన్రు?" బావ అక్క వైపు ఒక అడుగు వేశాడు. "ఇదా?"

"నేను. నేనే పెట్టుమన్న. అది వద్దన్నది. రమ తిడ్తది బాపు అన్నది. నేనే, గా డబ్బాల పెట్టు, ఎండ కరెంటుకు ఎంత దమ్ముందో చూద్దాం అన్న." బాపు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "టప్పుమన్నది. ఆగింది. తీగ గుంజుత బాపు అన్నది, గది గూడ వద్దన్న. పదకొండు నుంచి మూడున్నర దాక చూసిన దమ్ము. ఎవనిదో కాదు, నాదే."

"మరి ఇందాక అడిగితె చెప్పవైతివి," అన్నాను. నాకు కోపమే వచ్చింది, దాచడం దేనికి.

"సిగ్గయింది."

బావ పెద్దగా నవ్వాడు. "హీటరు పెడితె సచ్చే కరెంటు. నేను చెప్తలేనా? దింపు మరి."

"నువ్వాగు పోశం," అన్నాడు బాపు. అల్లుడా అనలేదు. "నీ హీటరు ఇంట్ల ఎవరు లేకున్నా మండుతది. ఎందుకు మండుతదో ఎరికేనా? అడిగేటోడు లేడు గనుక. ఎవడు తవ్విండో, ఎవని నడుము ఇరిగిందో నీకేం ఫికర్? ఇదైతె తన దగ్గర ఎంతున్నదో ముందే చెప్పింది. రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు. గా పిలగాడు స్లాబు మీదికెళ్ళి మొత్తుకుంటుంటె కిటికీల నుంచి నేను ఇన్న. ఇనబడనట్టు పండుకున్న."

బాపు పగిలిన పెదవులు తడుపుకున్నాడు.

"నేను మందు పెట్టిన ఇరవై ఆరేండ్లు పేల్చే డబ్బా తాళంచెవి నా జేబుల ఉండె. మేనేజరు వచ్చినా, ఇంకో పెద్ద సారు వచ్చినా ఇచ్చేటోన్ని కాదు. అందరు బయటికి పోయిన్రా, లేదా, నా కండ్లతోని చూసుకున్నంకనే తిప్పేటోన్ని. గది రూలు. చెవి ఇంకొకని చేతిల పెట్టి మనిషి బొగ్గు ముంగట నిలవడొద్దు." బాపు పైన తిరుగుతున్న ఫ్యానును చూశాడు. "ఏడేండ్లాయె. దీని చెవి నీ జేబుల ఉన్నది."

"గిదంత ఎందుకు మామ? నేనేం తక్కువ చేసిన నీకు?"

"రెండు దినాలు ఫ్యూజు పోయిందంటివి పోయినేడు. టీవీల క్రికెట్ నడువంగ. కండ్లు మూసుకున్న గని చెవులు మూసుకోలె."

గుమ్మంలో కిషన్ దగ్గాడు, నవ్వు ఆపుకోవడానికి. లస్మవ్వ ఆ పాటి మర్యాద కూడా చూపలేదు, ఫక్కుమంది. బావ మొహం నల్లబడింది. "గట్లనా? సరె," అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. అతను గోడ చుట్టి తన వంటింట్లోకి చేరడానికి ఎంత సేపు పడుతుందో మాకందరికీ తెలుసు. ఆ లెక్క ప్రకారమే ఫ్యాను ఆగింది.

గది పొయ్యిలా ఉంది. నేనొక పక్క, అక్క ఒక పక్క నిలబడి విసిరాం. పోయేవాళ్ళు పోవచ్చు, ఎవరూ పోలేదు. ఏమవుతుందో చూడాలని జనానికి ఉండే ఆశ అంతటిది, చెమట కూడా దాన్ని ఆపదు.

తాబిష్ అయిదుంబావుకు వచ్చాడు. సాకెట్టు చూడగానే తల పట్టుకున్నాడు. "యా అల్లా. వద్దంటినా లేదా?"

"తప్పు నాదే కొడుకా," అన్నాడు బాపు. "బాగైతదా కాదా? గది చెప్పు."

డబ్బా విప్పి లోపల టార్చి వేసి చూశాడు. "ఫ్యూజు పోయింది కాక. గంతే. నసీబ్ మంచిది. సాకెట్ మారుస్త." పని చేస్తుండగా బాపు అతన్ని పిలిచాడు.

"ఫ్యాను స్విచ్చి తలుపు కాడ ఉన్నది. నేను ఏడేండ్ల నుంచి దూరంగ చూసుడే. గది తీసి నా చేతికందేటట్టు పెట్టు. మంచం పట్టెకు."

తాబిష్ నన్ను చూశాడు. సోలారు పెట్టించేటప్పుడు వందమంది వంద ప్రశ్నలు అడిగారు, అన్నిటికీ జవాబు చెప్పాను. స్విచ్చి ఎక్కడ పెట్టాలో బాపును నేనే అడగలేదు. చదువుకున్నదాన్ని. బావనూ, కాలనీనీ ఎంత అన్నానో, ఆ ఒక్క విషయంలో నన్ను కూడా అంతే అనుకోవాలి.

"పెట్టు తమ్మి," అన్నాను.

సంచిలో నుంచి తీగ ముక్క తీసి, చిన్న పెట్టెలో స్విచ్చి బిగించి, మంచం పట్టెకు రెండు మేకులతో కొట్టాడు. డబ్బాలో పచ్చ దీపం వెలిగింది.

"కాక, వెయ్యి," అన్నాడు.

బాపు చెయ్యి పక్కకు జరిపి తడిమాడు. బొటనవేలు స్విచ్చి మీద పెట్టి, "అందరు బయటున్నరా?" అన్నాడు ఎవరినో అడుగుతున్నట్టు. తర్వాత నొక్కాడు. ఫ్యాను మెల్లగా మొదలై అందుకుంది. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అమ్మయ్య, గాలొచ్చింది," అని లస్మవ్వ ఫ్యాను కిందికి జరిగి, రవిక మెడ వదులు చేసుకుని కూర్చుంది.

రెండు నిమిషాలు తిరిగిందో లేదో, టక్కుమని ఆగింది.

తాబిష్ డబ్బా వైపు దూకాడు. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

గోడ అవతల నుంచి బావ గొంతు వినిపించింది. చెవులు ఇటే పెట్టుకుని ఉన్నాడు. "ఏమాయె? మల్ల ఆగిందా?"

"ఆగలె," అన్నాడు బాపు. పెద్దగా, గనిలో పేల్చే ముందు కేక వేసేంత పెద్దగా అన్నాడు. "నేను ఆపిన."

"ఎందుకు రాయమల్లూ?" లస్మవ్వ లబలబలాడింది. "ఉడికి సస్తున్నం గదనే!"

"నా ఇష్టం."

బాపు మెడ మీద నుంచి చెమట ధారగా దిగుతోంది. బొటనవేలు స్విచ్చి మీదనే ఉంది. నేను విసరబోతే వద్దన్నాడు. ఆ ఉక్కలో మేమందరం కూర్చుని, ఆయనకు ఎప్పుడు బుద్ధి పుడుతుందా అని ఎదురుచూశాం.